జీతము, వెచ్చము, మిగులు

తెలుగునాట సంవత్సరాదినాడు పంచాంగ శ్రవణమునకు కూర్చున్నవారు తమ రాశికి ఆదాయమెంతయో విని యంతటితో లేచిపోరు. వ్యయమెంతయో కూడ వినిననే గాని వారికి తృప్తి కలుగదు. ఆదాయము 14, వ్యయము 2 అని విన్నవాని మొగము వికసించును. ఆదాయము 14 అయినను వ్యయమును 14 అని విన్నవాడు మౌనము వహించును. ఆ యంకెలలోని జ్యోతిషపు పాలు ఎంతయో యిచట చర్చనీయము కాదు. అందలి లెక్కపద్ధతి మాత్రము దోషము లేనిది.

లోకవ్యవహారమున మనమీ పద్ధతిని విడిచితిమి. పెండ్లి సంబంధము వచ్చినప్పుడు వరుని జీతమెంతయని యడుగుదుము గాని, నెలాఖరున నతని చేత నేమి మిగులునని యడుగువారు అరుదు. ఇద్దరు ఉద్యోగులలో నెవడు కలవాడో జీతపు టంకెను బట్టి నిర్ణయింతుము. ఇంటి యద్దె, బడి రుసుము, దీపపు బిల్లు, అప్పు వాయిదా, పాలవాని లెక్క తీర్చిన పిమ్మట నిలిచిన రొక్కమే వాని స్వాతంత్ర్యమునకు కొలత యను సంగతి మరతుము. ఈ మిగులును గణించుట యెప్పుడు, ఏల పుట్టెనో, మన దేశమున నది యెట్టి పోరాటములకు మూలమయ్యెనో సంగ్రహముగా తెలుపుటయే యీ వ్యాసమున కుద్దేశము.

జీతమను మాట జీవిత శబ్దభవము. బ్రతుకుటకు చాలినది జీతమని దాని మూలార్థము. కౌటిల్యుని అర్థశాస్త్రము ఐదవ అధికరణమున రాజభృత్యుల వేతనముల పట్టిక యొకటి కలదు. మంత్రి, పురోహితుడు, సేనాపతి, యువరాజు మొదలగు వారికి 48,000 పణములు. అట్టడుగున నున్న సేవకునకు 60 పణములు. ఎగువకును దిగువకును 800 రెట్ల యంతరము. అయినను ఆ గ్రంథకర్త రెండు విషయములను విస్మరింపలేదు. ఈపాటి భరణమున్నచో పై యధికారులు ప్రలోభమునకు లొంగరనియు, కినుక వహింపరనియు చెప్పెను. 60 పణముల వేతనమున కొక ఆఢకము చొప్పున ధాన్యము లెక్కకట్టవలెనని విధించెను. విధినిర్వహణలో మరణించినవాని భార్యాపుత్రులకు భక్తవేతనములు ముట్టవలెననియు వ్రాసెను. అనగా నాణెముల సంఖ్యతో పాటు, ఆ నాణెముల వెనుక నున్న కడుపును గూడ నతడు లెక్కలోనికి తీసికొనెను.

మన పల్లెలలో చిరకాలము పాలేరు జీతము ధాన్యరూపమున నుండెడిది. ఏటికిన్ని బస్తాలని మాట. పండుగకు బట్టలు, కాళ్లకు చెప్పులు. బజారున ధర పెరిగినను వాని గింజలు తరుగవు. ఇది యా పద్ధతిలోని గుణము. దోషము వేరొకటి యుండెను. పెండ్లికో, చావునకో యజమానుని వద్ద తెచ్చిన యప్పు వడ్డీకి ఆ గింజలే జమ యగుచుండెడివి. తెలంగాణమున జీతగాడనబడిన వాని కథ యిదియే. వానికి పేరునకు జీతము కలదు. జమాఖర్చు వ్రాసినచో మిగులు సున్న. తండ్రి యప్పు కొడుకు మెడకు చుట్టుకొనెడిది. ఈ వెట్టి బంధమును చట్టరీత్యా తెంచుటకు 1976వ సంవత్సరపు కట్టుబానిసత్వ నిర్మూలన చట్టము కావలసి వచ్చినది. జీతమున్నంత మాత్రమున మనుష్యుడు స్వతంత్రుడు కాడనుటకు ఇంతకన్న వేరు నిదర్శనమేల?

కూలివాని యింటి లెక్కను కాగితముపై పెట్టు నలవాటు ఇంగ్లండున 18వ శతాబ్ది చివర బలపడెను. బర్కుషైరులోని బార్క్‌హాము గ్రామమున మతాచార్యుడైన డేవిడ్ డేవీస్, తన గ్రామములోని వ్యవసాయ కూలీల కుటుంబముల రాబడిని, రొట్టె, ఉప్పు, సబ్బు, అద్దె మొదలగు ఖర్చులను పద్దులవారీగా వ్రాసి 1795లో ప్రకటించెను. కష్టించి పనిచేయు కుటుంబములకును ఏటికేడు లోటే కనబడెను. పేదరికమునకు సోమరితనమే కారణమను వాదమునకు ఆ పద్దులే సమాధానమయ్యెను. అటుపిమ్మట 1857లో జర్మనీ దేశపు సాక్సనీ గణాంకశాఖలో నున్న ఎర్నెస్టు ఎంగెల్, బెల్జియము కార్మికుల కుటుంబ లెక్కలను పరిశీలించి యొక సూత్రమును కనుగొనెను: కుటుంబమెంత బీదదో, దాని వ్యయమున తిండి పాలు అంత హెచ్చు. ధనికుడు బీదవానికి పదిరెట్లు సంపాదించినను పదిరెట్లు తినలేడు గదా! ఆ కారణముచేత రెండు జీతముల మధ్య గల యంతరము కన్న, రెండు మిగుళ్ల మధ్య గల యంతరము సాధారణముగా పెక్కురెట్లధికము.

1899లో సీబోమ్ రౌంట్రీ యార్కు పట్టణమున ఇల్లిల్లు తిరిగి విచారింపించెను. భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు గల కుటుంబము కేవలము దేహమును నిలుపుకొనుటకు వారమునకు 21 షిల్లింగుల 8 పెన్సులు కావలెనని తేల్చెను. ఆ లెక్కలో రైలు ప్రయాణము లేదు, బంధువులకు జాబు వ్రాయుటకు తపాలా బిళ్ల లేదు, అర్ధ పెన్నీ వార్తాపత్రిక లేదు. పత్రిక కొన్నవాడు ఆనాటి తిండిలో నేదో తగ్గించుకొనవలసినదే. గ్రంథాలయోద్యమమున పనిచేయువారు ఈ మాటను మరువరాదు.

మన దేశమున ఈ విచారమునకు ఆద్యుడు దాదాభాయి నౌరోజీ. 1867-68 నాటికి భారతీయుని సగటు వార్షికాదాయము 20 రూపాయలని యతడు గణించెను. అది యెక్కువా తక్కువా యని వాదులాడక, దానిని చెరసాలలోని ఖైదీ తిండిబట్టల ఖర్చు ప్రక్కన పెట్టి చూపెను. నేరము చేసినవానికి సర్కారు పెట్టుచున్నంత కూడు నేరమెరుగని రైతుకు లేదని తేలెను. సుమారు అర్ధశతాబ్ది గడచిన పిమ్మట బొంబాయి కార్మిక కార్యాలయము వేలకొలది కార్మిక కుటుంబముల లెక్కలను సేకరించి 1923లో నివేదిక ప్రకటించినప్పుడును, మిల్లు కూలీ తినుచున్న ధాన్యము బొంబాయి జైళ్లలో ఖైదీలకు నిర్ణయించిన దాని కన్న తక్కువయనియే తేలెను. తెలుగునాట ఆచార్య రంగాగారు డెల్టా గ్రామముల ఆర్థిక వ్యవస్థను గురించి 1926లో గ్రంథము ప్రకటించి పల్లెల జమాఖర్చులను పండితుల దృష్టికి తెచ్చిరి.

లెక్క కాగితమును విడిచి వీథికి వచ్చినది 1918లో అహమ్మదాబాదున. అంతకు ముందటి యేడు ప్లేగు భయముచే పారిపోవుచున్న కూలీలను నిలుపుటకు యజమానులు ప్రత్యేక భత్యమిచ్చిరి. వ్యాధి తగ్గగానే దానిని తీసివేయదలచిరి. అప్పటికి మహాయుద్ధము వలన ధరలు మండిపోవుచుండెను. కూలీలు నూటికి 50 వంతుల హెచ్చును కోరిరి. యజమానులు 20 ఇత్తుమనిరి. గాంధీజీ, వల్లభభాయి పటేలు, శంకరలాల్ బ్యాంకరు కలసి కూలిని, ధరలను విచారించి 35 న్యాయమని నిర్ణయించిరి. కూలీల కోరికను పెంచక తగ్గించిరని గమనింపదగును. లెక్కకు నిలిచిన యంకె గనుకనే దానికై మహాత్ముడు మూడు దినములు నిరాహారుడై యుండగలిగెను. తుదకు మధ్యవర్తి ఆనందశంకర ధ్రువ ఆ 35నే స్థిరపరచెను.

తరువాతి ఘట్టములు చట్టములవి. 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము, యజమాని తన యిచ్చవచ్చినట్లు జీతమునుండి కోతలు కోయరాదని శాసించి, జరిమానాలు రూపాయికి అర్ధణా మించరాదనెను. 1948లో కనీస వేతనముల చట్టము వచ్చెను. 1957లో న్యూఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనమునకు కొలతలు నిర్ణయించెను: సంపాదించువాడొకడు, కుటుంబమున మూడు వినియోగ ప్రమాణములు, పెద్దవానికి దినమునకు 2,700 క్యాలరీల యాహారము, కుటుంబమునకు ఏటికి 72 గజముల బట్ట, కనీసపు టింటి యద్దె, వంటచెరకు, దీపము, చిల్లర ఖర్చులకు మొత్తము వేతనమున నూటికి 20 వంతులు. ఆ యాహారపు టంకె డాక్టరు ఏక్రాయిడ్ పరిశోధనలపై నాధారపడినది. అతడు కూనూరులో నడపిన పోషణ పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థయైనది.

ఈ కొలతలలో పిల్లల చదువునకు, మందునకు, పండుగకు, ముసలితనమునకు ప్రత్యేకముగ పద్దు లేదు. 1991లో సుప్రీంకోర్టు రెప్టాకోస్ బ్రెట్టు వ్యాజ్యమున ఆ లోపమును గుర్తించి వానికై మరి నూటికి 25 వంతులు చేర్పవలెనని తీర్పు చెప్పెను. అనగా బ్రతుకుటకు చాలిన జీతము వేరు, మనుష్యుడై బ్రతుకుటకు చాలిన జీతము వేరు అను సంగతి న్యాయపీఠమెక్కుటకు 34 సంవత్సరములు పట్టెను.

ఊరినిబట్టి జీతపు విలువ మారుననుటకు తెలుగువారికి పుస్తకములక్కరలేదు. నిజాము రాజ్యమున హాలీ సిక్కా చెల్లిన కాలమున ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిషు రూపాయలకు సమానము. వరంగల్లున నూరు రూపాయల జీతము బెజవాడ కృష్ణ దాటునప్పటికి ఇంచుమించు 85 రూపాయల 11 అణాలే. ఈ యంతరము నాణెములో నున్నది గనుక కంటికి కనబడెను. అద్దెలలో, ధరలలో నున్న యంతరము కనబడదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల వేతనములపై వెలువడిన తీర్పును కేంద్రప్రభుత్వము మార్చినప్పుడు, చిన్న యూళ్లలోని శాఖల ఉద్యోగులకును నష్టము వాటిల్లెను. అప్పుడు కార్మికమంత్రి వరాహగిరి వేంకటగిరిగారు పదవికి రాజీనామా యిచ్చిరి. చిన్న యూరి గుమాస్తా జమాఖర్చు ఒక మంత్రి పదవికన్న బరువైనదని ఆ దినమున తేలెను.

ఇక వేతన సంఘముల చరిత్ర చూతము. కేంద్రోద్యోగికి కనీస వేతనము కరవుభత్యముతో కలిపి 1947లో మొదటి సంఘము 55 రూపాయలనెను. 1959లో రెండవ సంఘము 80 అనెను. 1957 నాటి కొలతలను సర్కారు తన ఉద్యోగులకే పాటింపలేదను నసంతృప్తితో 1960 జూలైలో కేంద్రోద్యోగులు సమ్మె చేసిరి. ఏడవ సంఘము సిఫారసుపై 2016 జనవరి నుండి ఆ కనీసము 18,000 రూపాయలైనది. 80 నుండి 18,000 అనగా 225 రెట్లు. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచి 1960 మొదలు 2015 వరకు పెరిగినది సుమారు 60 రెట్లు. కావున వెనుకటి కాలమే మేలనుట లెక్కకు నిలువదు. సర్కారు కొలువున అట్టడుగు ఉద్యోగి నిజవేతనము మూడు రెట్లకు మించి పెరిగినది.

అట్లయినచో చేత రొక్కము నిలువలేదను మొర యేల వినబడును? దానికి సమాధానము ఆ సూచిలోనే యున్నది. 2001 నాటి సూచిలో ఆహారమునకు నూటికి 46.20 పాలు, 2016 నాటి సూచిలో ఆహారపానీయములకు 39.17. ఇండ్ల పాలు 15.27 నుండి 16.87కు, వైద్యము, చదువు, ప్రయాణము, సమాచార సాధనములు గల చిల్లర పద్దు 23.26 నుండి 30.31కి పెరిగినవి. పల్లెలలో మొత్తము వ్యయమున తిండి పాలు 1999-2000లో 59 వంతులుండగా 2022-23 నాటికి 46 వంతులకు దిగినది. ఎంగెల్ సూత్రము ప్రకారము ఇది యభివృద్ధియే. కాని తిండి ఖర్చు కష్టకాలమున కొంత తగ్గించుకొనదగినది. పచ్చడి మెతుకులతో నాలుగు దినములు గడపవచ్చును. అద్దె, బడి రుసుము, అప్పు వాయిదా తేదీకి కట్టవలసినవి. ఇవి బ్రతిమాలిన తగ్గవు. ఆదాయము పెరిగినకొలది మన వెచ్చము మెత్తని పద్దులనుండి గట్టి పద్దులకు మారినది.

ఊహకై యొక లెక్క వేయుదము. పట్టణమున 45,000 రూపాయల జీతగానికి అద్దె 14,000, వెచ్చములు 10,000, అప్పు వాయిదా 9,000, చదువులు 7,000, తక్కినవి 5,000 పోగా మిగులు సున్న. స్వగ్రామమున సొంత యింట నుండి 27,000 తెచ్చుకొనువానికి వెచ్చములు 9,000, చదువులు 3,000, వాయిదా 3,000, తక్కినవి 4,000 పోగా 8,000 మిగులును. రెండవవానిదే మేలని తొందరపడి యనరాదు; పట్టణపు ఆస్పత్రికి ఒక్కమారు పోయివచ్చిన నాతని యేడాది మిగులు హరించుకొనిపోవచ్చును. మొదటివాని వాయిదాలో కొంత రేపటి సొంత యిల్లు కావచ్చును. కాని జీతములను మాత్రమే పోల్చువానికి ఈ వివేచనకు తావే లేదు. పిండి కొద్ది రొట్టె యని పెద్దలనిరి. పిండిలో నెంత పొరుగువాని బాకీయో ముందు చూచుకొనవలెను.

ఈ చరిత్రలో ప్రతి మలుపునను ఒక చిన్న పద్దు పుస్తకము కనబడుచున్నది. డేవీసు వ్రాయకున్నచో బార్క్‌హాము కూలీలు సోమరులుగానే నిలిచియుందురు. నౌరోజీ లెక్కింపకున్నచో రైతు దారిద్ర్యము కర్మఫలమనియే చెల్లియుండును. మన యూరి పాలేరుల, నేతగాండ్ర, గుమాస్తాల యిండ్ల చిట్టాలు మాత్రము చాలవరకు చెదలపాలైనవి. వారి జీతములు ఎక్కడనో దస్తావేజులలో నుండును. వారి మిగులు ఎవరికిని తెలియదు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున చదువరులకొక విన్నపము. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పత్రిక కొనుటకు మిగులు లేనివారికి పత్రికను, పుస్తకము కొనలేనివారికి పుస్తకమును అందించినది. ఇకముందు ఏటేటను మన గ్రామపు కూలిరేట్లు, బియ్యము, పప్పు, నూనె ధరలు, ఇంటి యద్దెలు, బడి రుసుములు ఒక పుస్తకమున వ్రాయించి బీరువాలో భద్రపరచవలెను. సమ్మతించినవారి యింటి జమాఖర్చులు పేరు లేకుండ నందు చేర్చవచ్చును. స్వర్ణోత్సవమునాడు ఆ పుస్తకము తెరచువారు మనము ఎంత సంపాదించితిమో గాక, ఎట్లు బ్రతికితిమో తెలిసికొందురు.