మిల్లుల మధ్య నేర్చుకున్న నాయకత్వం

నాయకుడు సభావేదికపై పుడతాడన్న భ్రమ మన రాజకీయాల్లో బలంగా పాతుకుపోయింది. పుదుచ్చేరి చరిత్ర చెప్పే పాఠం వేరు.

1911లో జన్మించిన వి. సుబ్బయ్య యువకుడిగానే హరిజన సేవలో పాల్గొన్నారు. 1934లో ‘స్వతంత్రం’ అనే తమిళ పత్రికను ప్రారంభించారు. సేవ ఆయనకు ప్రజల కష్టాన్ని చూపింది. ఆ కష్టాన్ని డిమాండుగా మలచడం పత్రిక నేర్పింది. మూడో పాఠం ఫ్రెంచి పాలనలోని ఆ పట్టణపు బట్టల మిల్లుల్లో లభించింది. పనిగంటలు తగ్గించాలని, సంఘం పెట్టుకునే హక్కు కావాలని కార్మికులు సమ్మెకు దిగారు. 1936 జూలై 30న జరిగిన కాల్పుల్లో 12 మంది మరణించారు.

అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. దుఃఖాన్ని ఆగ్రహంగా మార్చడం సులభం, చట్టంగా మార్చడం కష్టం. పారిస్‌లో పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం ఉండటం కలిసివచ్చింది. అయితే ఒత్తిడి లేనిదే ఏ ప్రభుత్వమూ కదలదు. ఉద్యమం సడలలేదు. 1937 ఏప్రిల్‌లో ఫ్రెంచి ఇండియాలో ఎనిమిది గంటల పనిదినం చట్టబద్ధమైంది. సరిహద్దు దాటితే బ్రిటిష్ ఇండియాలో 1934 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు పది గంటల పనిని అనుమతిస్తూనే ఉంది.

ప్రాణాలిచ్చినవారు కార్మికులు. వారి త్యాగాన్ని చట్టం గడప దాటించడం నాయకుడి బాధ్యత. సుబ్బయ్య ఆ విద్యను మిల్లుల మధ్యనే నేర్చుకున్నారు.