హాలీవుడ్ ప్రణయహాస్యములలో దాచిన పుట్టిల్లు

1941లో ఎర్న్‌స్ట్ లూబిచ్ తీసిన 'దట్ అన్‌సర్టెన్ ఫీలింగ్' చిత్రమున ఎక్కిళ్లు ఆగక మానసిక వైద్యుని ఆశ్రయించు న్యూయార్కు సంపన్న గృహిణిని చూచి మేమును నవ్వితిమి. ఆ పాత్ర ధరించిన మెర్ల్ ఓబరాన్ మన దేశమున పుట్టిన స్త్రీ. 1911లో బొంబాయిలో జన్మించి, కలకత్తాలో పెరిగి, పిమ్మట ఇంగ్లండు చేరెను. కాని లోకమునకు చెప్పిన కథ వేరు. ఆమె ఆస్ట్రేలియా చెంతనున్న టాస్మేనియా ద్వీపమున పుట్టినదట!

ఇది వట్టి డంబము కాదు. హాలీవుడ్ నిర్మాతలు 1930లో స్వీకరించి 1934 నుండి కఠినముగా అమలు జరపిన నియమావళి తెల్లవారికిని నల్లవారికిని నడుమ ప్రణయమును తెరమీద నిషేధించెను. అక్షరార్థమున అది ఆ రెండు జాతులకే. ఆచరణలో ఆసియావాసులకును తగిలెను. నాయికానాయకుల కలయికయే ప్రాణమైన ప్రణయహాస్యమున ఇతర జాతుల స్త్రీకి చోటెక్కడిది? మిగిలినవి వంటయిల్లు, వాకిలి. 1940లో ఆస్కార్ బహుమతి నందుకొన్న హాటీ మెక్‌డేనియల్ అటుపిమ్మటను ఎక్కువగా పనిమనిషి పాత్రలే వేయవలసివచ్చెను.

ఓబరాన్‌ను తల్లిగా పెంచిన షార్లట్ సెల్బీ మేనిచాయ కథను బయటపెట్టునని, అతిథులయెదుట ఆమెను పనిమనిషిగా చూపిరని జీవితచరిత్రకారులు వ్రాసిరి. తెరమీది పాత్రయే ఇంటిలో ఆ ముసలితల్లికిని దక్కినది. పరభాషాప్రాంతపు బడిలో తన ఇంటిపేరు చెప్పుటకు తడబడు పిల్లవానిని ఎరిగిన మేము ఓబరాన్‌ను తప్పుపట్టజాలము. ఆ తల్లిని తలచునపుడు మాత్రము మనసు చివుక్కుమనును.

జాతి ప్రణయనిషేధమును 1956లో తొలగించిరి. అలవాటు అంత త్వరగా పోలేదు. 1961లో 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్'లో మికీ రూనీ పెట్టుడు పళ్లతో జపాను దేశస్థుని వేషము కట్టి నవ్వింపజూచెను. ఆ యేడే వచ్చిన 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్' శాన్‌ఫ్రాన్సిస్కో చీనావాడ కథ. పాత ఆచారములు విడువని తండ్రి, అమెరికా వాడుకలకు అలవడిన కొడుకు, వరుని వెదకికొనుచు ఓడలో దాగివచ్చిన పిల్ల, ఇదియే పొత్తము. అటువంటి తండ్రి మా ఇండ్లలోను కలడు. ఇందును లోపములున్నవి: చీనా నాయకునిగా జపాను సంతతి వాడైన జేమ్స్ షిగేటా, చీనా అత్తగా నల్లజాతి నటి హువానీటా హాల్. అయినను అందలి నవ్వు ఆ కుటుంబముతో కలిసి నవ్వునది. రూనీ వేషమునకు వచ్చు నవ్వు అట్టిది కాదు.

1978లో టాస్మేనియా రాజధాని హోబర్టు పురప్రముఖులు ఓబరాన్‌ను తమ ఊరి ఆడపడుచుగా పిలిచి సత్కరించిరి. మరుసటి యేడు ఆమె కన్నుమూసెను. బొంబాయి సంగతి లోకమునకు తెలిసినది 1983లో, ఆమె జీవితచరిత్ర వెలువడినప్పుడు.