బండి మనది, బ్యాటరీ కంపెనీది

1897లో న్యూయార్క్ వీధుల్లో కరెంటు టాక్సీలు తిరిగేవి. ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ మారిస్, పెడ్రో సలోమ్ తయారుచేసిన బళ్లవి. ఒక్కో బండిలో సీసం బ్యాటరీ అర టన్నుకు పైగా బరువుండేది. ఛార్జింగ్‌కి గంటలు పట్టేది. అంతసేపు టాక్సీ నిలబడితే ఆ పూట కిరాయి పోయినట్టే. అందుకని గ్యారేజీలో ఖాళీ బ్యాటరీని యంత్రాలతో బయటికి లాగి, నిండినదాన్ని లోపలికి తోసేవారు. పెట్రోలు బంకులు ఇంకా పుట్టని రోజుల మాట ఇది.

దాన్ని పక్కా వ్యాపారంగా మలిచింది మాత్రం అమెరికాలోనే హార్ట్‌ఫర్డ్ నగరపు కరెంటు కంపెనీ. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. వ్యాపారి జనరల్ వెహికల్ కంపెనీ నుంచి బ్యాటరీ లేకుండా ట్రక్కు కొనుక్కునేవాడు. బ్యాటరీ కరెంటు కంపెనీది. నెలకింత రుసుము, తిరిగిన మైలుకింత ఛార్జీ. బ్యాటరీ పాతబడుతుందన్న బెంగ వ్యాపారికి లేదు. ట్రక్కులూ బ్యాటరీలూ మార్పిడికి వీలుగా ఒకే పద్ధతిలో ఉండేవి. 1924 వరకు సాగిన ఈ ఏర్పాటులో ఆ బళ్లు 60 లక్షల మైళ్లకు పైగా తిరిగాయి. చవక పెట్రోలు, ఫోర్డ్ కార్లు చివరికి కరెంటు బళ్లనే రోడ్డు మీద నుంచి తప్పించాయి.

చాలా ఏళ్లకు ఆ ఆలోచన మళ్లీ లేచింది. 2007లో షై అగాసీ అనే వ్యాపారి బెటర్ ప్లేస్ కంపెనీ పెట్టి, ఇజ్రాయెల్, డెన్మార్క్‌లలో కార్లకు బ్యాటరీ మార్పిడి కేంద్రాలు కట్టాడు. దాదాపు 85 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది. యంత్రాలు బాగానే పనిచేశాయి. కానీ ఆ కేంద్రాలకు సరిపడే కారు రెనో ఫ్లూయెన్స్ ఒక్కటే. మిగతా కంపెనీలు ముందుకు రాలేదు. రావడం తేలిక కూడా కాదు. కారులో బ్యాటరీ విడి డబ్బా కాదు. దాని ఆకారం, చల్లబరిచే ఏర్పాటు, ప్రమాదంలో తట్టుకునే బలం, అన్నీ కారు డిజైన్‌తో ముడిపడినవే. అంత ముఖ్యమైన భాగం కొలతలు బయటివాళ్లు నిర్ణయిస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? 2013 మేలో బెటర్ ప్లేస్ దివాలా తీసింది. మరుసటి నెలలోనే టెస్లా 90 సెకన్లలో బ్యాటరీ మార్చి చూపించింది గానీ, చివరికి వేగంగా ఛార్జింగ్ చేసే దారినే ఎంచుకుంది.

చైనా కంపెనీ నియో 2018లో షెన్‌జెన్‌లో తొలి కేంద్రం తెరిచింది. కారూ, కేంద్రమూ తనవే కనుక కొలతల తగాదా లేదు. 2020 నుంచి బ్యాటరీ లేకుండా కారు కొని, నెలనెలా అద్దె కట్టే వీలు కల్పించింది. అచ్చం హార్ట్‌ఫర్డ్ పద్ధతే. దాని మూడో తరం కేంద్రంలో 21 బ్యాటరీలుంటాయి. రోజుకు 408 మార్పిడులు చేయగలదు. అన్ని ఖరీదైన బ్యాటరీలు కొని నిలవ ఉంచాలంటే వచ్చే బళ్లకు కొదవ ఉండకూడదు. రాత్రి ఇంటి దగ్గర ఛార్జింగ్ పెట్టుకునే సొంత కారు యజమానికి ఈ కేంద్రంతో రోజూ పనిపడదు. తీరిక లేకుండా తిరిగే టాక్సీకి పడుతుంది.

మన దేశంలో 2022 ఏప్రిల్‌లో బ్యాటరీ మార్పిడిపై వచ్చిన నీతి ఆయోగ్ ముసాయిదా విధానం ప్రధానంగా స్కూటర్లు, ఆటోల మీదే దృష్టి పెట్టింది. అది సరైన చూపని నా నమ్మకం. వాటి బ్యాటరీ మనిషి చేత్తో ఎత్తి మార్చగలిగేంతది. ఆటో ఆగితే ఆ ఇంటి రాబడే ఆగుతుంది. ఏ కంపెనీ ఆటో అయినా ఏ కేంద్రంలోనైనా బ్యాటరీ మార్చుకునేలా ఉమ్మడి కొలతలు ముందు అక్కడే రావాలి.