తలుపు ఎవరికి తెరిచినట్టు?

1920 జనవరి 31న అంబేద్కర్ బొంబాయిలో ‘మూక్‌నాయక్’ మరాఠీ పక్షపత్రిక మొదలుపెట్టారు. కొల్హాపూర్ శాహూ మహరాజ్ ఇచ్చిన 2,500 రూపాయలే ఆసరా. డబ్బు కడతామన్నా ‘కేసరి’ దాని ప్రకటన వెయ్యలేదు. అంటే మన మాటకే కాదు, మన డబ్బుకీ మైల అంటిందన్నమాట! 1923కల్లా ఆ పత్రిక ఆగింది. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1931లో ‘భాగ్యనగర్’ తెచ్చారు.

సరిగ్గా నూరేళ్లకు, 2020 ఫిబ్రవరిలో, అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయం నుంచి ‘కాస్ట్’ అనే పరిశోధన పత్రిక వెలువడింది. సంపాదకులు లారెన్స్ సైమన్, సుఖదేవ్ థోరాట్. ఇది ఓపెన్ యాక్సెస్ పత్రిక. అంటే చందా కట్టకుండా ఎవరైనా నెట్‌లో చదువుకోవచ్చు. 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన అడిగింది ఇదే. పెద్ద లైబ్రరీ లేని కాలేజీల్లో చదివే మన పిల్లలకు ఇది చిన్న సంగతేం కాదు.

కానీ చదవడానికి తలుపు తీసినవాళ్లలో చాలామంది రాసేవాళ్ల దగ్గర సుంకం పెట్టారు. 2020 నవంబరులో ‘నేచర్’ ప్రచురణకర్తలు ఓపెన్ యాక్సెస్ వ్యాసానికి 9,500 యూరోల రుసుము ప్రకటించారు. ఫెలోషిప్పు మీద బతికే స్కాలరు ఎక్కణ్ణించి తెస్తాడు? పైగా ఇంగ్లీషులో రాయాలి, ‘తోటి పండితులు’ ఒప్పుకోవాలి. తోటి అంటే ఎవరికి తోటి? వాడలో పుట్టి తెలుగులో ఆలోచించేవాళ్లకా? రేపు మనం కొత్త పత్రికకు ప్రతిపాదన రాసుకుంటే, వ్యాసాలు పరిశీలించేదెవరు, అనువాదం ఖర్చు భరించేదెవరు అన్నవి మొదటి పేజీలోనే తేల్చుకోవాలి.