సైకిలు దారిలో మొరసునాడు

బెంగళూరులో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు తమను ప్రవాసులుగా భావించుకోవడం సహజం. ఇల్లు నెల్లూరులోనో, అనంతపురంలోనో, వరంగల్లులోనో ఉంటుంది. చదువు, ఉద్యోగం ఇక్కడ. తెలుగు రైలెక్కి తమతోపాటే ఈ ఊరికి వచ్చిందని చాలామంది అనుకుంటారు. కాని బెంగళూరుకు ఉత్తరాన, తూర్పున ఉన్న దేవనహళ్లి, చిక్కబళ్లాపుర, చింతామణి, బాగేపల్లి, ముళబాగిలు ప్రాంతాలలో తెలుగు వలస భాష కాదు. అక్కడి కుటుంబాలు తరతరాలుగా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడుతున్నాయి. చరిత్రలో మొరసునాడుగా పేరుపొందిన భూమి ఇదే. ఈ నాటిని చూడటానికి సైకిలుకు మించిన సాధనం లేదని మా అనుభవం. ఆ దారిని, దాని వెనుక ఉన్న చరిత్రను విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సైకిలే ఎందుకని అడగవచ్చు. చరిత్ర విద్యార్థికి వేగం కూడా ఒక సమస్యే. కారులో పోయేవారికి దేవాలయం కనిపిస్తుంది, చెరువు కట్ట మీది వీరగల్లు కనిపించదు. నడిచేవారికి అన్నీ కనిపిస్తాయి గాని రోజుకు రెండు మూడు ఊళ్లకు మించి సాగదు. గంటకు పన్నెండు, పదిహేను కిలోమీటర్లు పోయే సైకిలు ఈ రెంటికీ మధ్య ఉంటుంది. ఫ్రాన్సిస్ బుకానన్ 1800లో మద్రాసు నుండి బయలుదేరి మైసూరు దేశం చుట్టి వచ్చాడు. 1807లో అచ్చయిన ఆయన గ్రంథం నేటికీ ఉపయోగపడుతున్నదంటే, మజిలీ మజిలీకి ఆగి పంటలు, కులాలు, పనిముట్లు, ధరలు ఏరోజుకారోజు రాసుకోవడమే కారణం. ఆయన తిరిగిన తీరుకు ఈనాడు మనకు దగ్గరగా ఉన్నది సైకిలే.

పైగా నేల కూడా అనుకూలమైనది. కన్నడంలో ఈ ప్రాంతాన్ని బయలుసీమ అంటారు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న పీఠభూమి ఇది. కొండలు అక్కడక్కడ విడివిడిగా లేస్తాయి. వాటి మధ్య నేల చాలావరకు చదునుగా, చిన్న చిన్న మిట్టలతో సాగుతుంది. వానలు వెనకబట్టిన తరువాత, ఎండలు ముదరకముందు తొక్కితే అలసట తెలియదు. రాగి చేలు, మల్బరీ తోటలు, ద్రాక్ష పందిళ్లు, ఊరికొక చెరువు, చెరువుకొక కట్ట. ఐరోపాలో ఇటువంటి చదును నేలను తీరిక యాత్రలకు చక్కగా వాడుకున్నారు. బెల్జియంలోని లింబుర్గ్ ప్రాంతంలో 1995లో పల్లె దారుల కూడళ్లకు అంకెలు వేసి సైకిలు మార్గాల వల ఒకటి ఏర్పాటు చేశారు. ఆ ఆలోచన హ్యూగో బోలెన్ అనే గని ఇంజనీరుది. బొగ్గుగనుల సొరంగాలలో దారి తెలియడానికి వాడే అంకెల పద్ధతిని ఆయన పైకి తెచ్చాడు. మూతపడిన గనుల సీమకు దానివల్ల యాత్రికులు వచ్చారు. మన పల్లె దారులకు అంకెలు లేవు. దారి చెప్పే పెద్దవాళ్లు ఉన్నారు, ఇప్పటికి అది చాలు.

ఉత్తరంగా బయలుదేరేముందు నగరంలోనే రెండు శిలలను చూడాలి. మొదటిది బేగూరుది. హోసూరు రోడ్డుకు పడమరగా, నాగేశ్వరాలయం ఉన్న పాత ఊరు బేగూరు. అక్కడి సుమారు 890 నాటి హళెగన్నడ వీరగల్లు ‘బెంగళూరు’ యుద్ధంలో నాగత్తరుని ఇంటివారు మరణించారని చెబుతుంది. హొయసల రాజుకు ముసలవ్వ ఉడికించిన గింజలు పెట్టినందువల్ల ‘బెందకాళూరు’ అనే పేరు వచ్చిందన్న కథ అందరూ విన్నదే. హొయసలులకంటే ముందే పేరు రాతి మీద ఉన్నప్పుడు ఆ కథ నిలవదు. రెండవది హెబ్బాళ శిల. 2018లో బయటపడిన ఈ వీరగల్లు సుమారు 750 నాటిది. గంగరాజు శ్రీపురుషుని కాలంలో కిట్టయ్య అనే వీరుడు పోరులో పడిపోయిన సంగతి అందులో ఉంది. ఈ రెండు శాసనాలూ కన్నడంలో ఉన్నాయి. తెలుగు ఉనికిని గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట ముందుగా చెప్పుకోవాలి. ఇక్కడ తెలుగు పాతది అనడం నేల మీద హక్కు అడగడం కాదు. ఈ సీమలో రెండు భాషలు పక్కపక్కనే పెరిగాయని చెప్పడం మాత్రమే.

హెబ్బాళ నుండి పాత బళ్లారి రోడ్డు దేవనహళ్లికి పోతుంది. 2008లో కొత్త విమానాశ్రయం వచ్చాక ఆ రహదారి సైకిలుకు పనికిరాదు. పక్కన ఊళ్లగుండా పోయే దారులు పట్టుకోవాలి. దేవనహళ్లి కోటను 1501లో మల్లబైరేగౌడ మట్టితో కట్టించాడు. 1749లో మైసూరు సేనలు దాన్ని పట్టుకున్నాయి. ఆ ముట్టడిలోనే హైదరలీ మొదటిసారి పేరు తెచ్చుకున్నాడు. టిప్పు సుల్తాను పుట్టింది ఈ ఊళ్లోనే. ఇప్పుడు కనిపించే రాతి గోడలు తండ్రీకొడుకుల కాలం నాటివి. 1791లో కార్న్‌వాలిస్ సేనలు కోటను వశపరచుకున్నాయి. కోట లోపల వేణుగోపాలస్వామి గుడి, ఇళ్లు, వీధులు ఇప్పటికీ ఉన్నాయి.

దేవనహళ్లికి ఉత్తరాన పది కిలోమీటర్ల లోపే ఆవతి. చూడటానికి చిన్న ఊరు గాని ఈ నాటి రాజకీయ చరిత్రకు ఇదే మొదటి పుట. ఇక్కడి సంప్రదాయ కథ ఇది. కంచి ప్రాంతంలో ఉన్న మొరసు ఒక్కలిగ అన్నదమ్ములు తమ ఆడపిల్లను ఒక బలవంతునికి ఇవ్వడానికి ఇష్టపడక, రాత్రికి రాత్రే బండ్లు కట్టుకొని పారిపోయి వచ్చి ఈ కొండ కింద దిగారు. వారి సంతతివారే దేవనహళ్లి, చిక్కబళ్లాపుర, దొడ్డబళ్లాపుర పాళెగాళ్లు అయ్యారని, యలహంక ప్రభువులు కూడా ఆ శాఖేనని చెబుతారు. 1537లో బెంగళూరు కోటను కట్టిన కెంపేగౌడది ఆ యలహంక వంశమే. మొరసు ఒక్కలిగలలో కన్నడం మాట్లాడేవారూ, తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు. కెంపేగౌడ తెలుగులో ‘గంగాగౌరీవిలాసం’ అనే యక్షగానం రచించినట్లు ప్రసిద్ధి. నగరాన్ని నిర్మించిన ప్రభువు పేరిట తెలుగు యక్షగానం చెప్పుకోవడం ఆ కాలపు ద్విభాషా సంస్కృతికి తగిన విషయమే.

ఆవతి దాటాక నంది కొండ ఎదురుగా నిలుస్తుంది. తీరిక యాత్రికుడు కొండ ఎక్కనక్కరలేదు. కొండ అడుగున నంది గ్రామంలో ఉన్న భోగనందీశ్వరాలయమే ముఖ్యం. 806 నాటి చిక్కబళ్లాపుర తామ్రశాసనం బాణ రాణి రత్నావళి కట్టించిన నంది ఆలయానికి దానం చెబుతుంది. తరువాత గంగులు, చోళులు, హొయసలులు, విజయనగర ప్రభువులు ఒకరి తరువాత ఒకరు దీన్ని పెంచారు. కోనేటి మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క కాలపు స్తంభాన్ని వేరు చేసి గుర్తించడం విద్యార్థులకు మంచి అభ్యాసం.

తెలుగువారికి నంది సీమ మరొక విధంగా దగ్గరిది. నెల్లూరు వారి పెన్న, అంటే ఉత్తర పినాకిని, నందికి దగ్గరలోని చెన్నకేశవ కొండల్లో పుట్టి సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. బాగేపల్లి, పుట్టపర్తి మీదుగా పోయి పెన్నలో కలిసే చిత్రావతి, కడప జిల్లాలో గండి క్షేత్రం మీదుగా పోయే పాపఘ్ని కూడా ఈ సీమ నీళ్లే. అంటే రాయలసీమ, నెల్లూరు విద్యార్థి తన నది పుట్టిన చోటికే చదువుకోవడానికి వచ్చాడన్నమాట. ఈ నీటిని ఎగువన చెరువులలో ఎంత ఆపాలి, దిగువకు ఎంత వదలాలి అనే తగాదా పాతదే. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం కావేరికే పరిమితం కాదు, ఈ నదులకూ వర్తించింది. వానలు తగ్గి చెరువులు ఎండిన ఈ కాలంలో, 2018 నుండి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. పూర్వం చెరువు నిండితే ఊరంతా పండుగ చేసేవారు. ఇప్పుడు నిండిన నీరు ఎక్కడిదని అడగవలసి వస్తున్నది.

నందికి దగ్గరలోనే ముద్దేనహళ్లి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మస్థలం, సమాధి రెండూ ఇక్కడే. ఆయన ఇంటిపేరు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం అనే ఊరి పేరు. పూర్వులు అక్కడి నుండి వచ్చినవారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత నగర రక్షణకు పథకం వేసినది ఆయనే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దాని ఫలితాలు. తెలుగు పల్లె పేరు మోసుకొచ్చిన కుటుంబంలోని బిడ్డ కన్నడ సీమలో పెరిగి తెలుగు నగరాన్ని కాపాడాడు. ఈ రాకపోకలను ఏ ఒక్క రాష్ట్రపు చరిత్రలోనూ పూర్తిగా చెప్పలేము.

అక్కడి నుండి శిడ్లఘట్ట మీదుగా తూర్పుకు తిరిగితే పట్టుగూళ్ల సంతలు, ఆపైన కైవారం. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని స్థలపురాణం. గాజులమ్మే వృత్తిలో ఉండి యోగి అయిన నారాయణప్ప, ప్రజలు ‘కైవారం తాతయ్య’ అని పిలుచుకొనే మహనీయుడు, ఇక్కడివాడు. 1726లో జన్మించి నూట పది ఏళ్లు జీవించాడని సంప్రదాయం. ఆయన కాలజ్ఞానం, కీర్తనలు తెలుగులోనూ కన్నడంలోనూ ఉన్నాయి. మనం గమనించవలసిన విశేషం వేరొకటి. ఇక్కడి భక్తులు ఆయన తెలుగు పదాలను కన్నడ లిపిలో అచ్చువేసుకొని చదువుకుంటారు. భాష ఒకటి, లిపి మరొకటి. బడిలో తెలుగు అక్షరం నేర్వని మనిషి భజనలో తెలుగు పాడుతూనే ఉన్నాడు.

ఈ సంగతిలో సంతోషంతోపాటు ఆందోళన కూడా ఉంది. లిపి లేని మాటకు నోరే ఆధారం. ‘యాడికి పోతాండారప్పా?’ అని పలకరించే పెద్దల తరువాత వారి మనుమలు ఆ యాసలో మాట్లాడతారో లేదో చెప్పలేము. శిలల సంగతీ ఇంతే. లూయీ రైస్ బెంగళూరు, కోలారు జిల్లాల శాసనాలను ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ 9, 10 సంపుటాలుగా 1905లో ప్రకటించాడు. నగరం పెరిగినకొద్దీ ఆ శిలలలో కొన్ని పునాదుల కింద పడిపోయాయి, కొన్ని రోడ్డు వెడల్పులో కనబడకుండా పోయాయి. 1909లో స్థాపితమైన మిథిక్ సొసైటీ, ఔత్సాహికులతో కలిసి, మిగిలినవాటిని త్రీడీ పద్ధతిలో నమోదు చేస్తున్నది. శిలను ఈ విధంగా నమోదు చేయవచ్చు. ఊరి మాటను, చెరువు పేరును, పొలం పేరును నమోదు చేయడానికి ఆ భాష ఎరిగిన మనిషి కావాలి. ఈ పనికి తెలుగు, కన్నడం రెండూ వచ్చిన బెంగళూరు విద్యార్థుల కంటే తగినవారు ఎవరు?

కనుక మా సూచన ఇది. ఇద్దరు ముగ్గురు కలిసి బయలుదేరండి. గేర్లున్న ఖరీదైన బండి అక్కరలేదు, గాలి పంపు, పంక్చరు సామాను ఉంటే చాలు. రైసు సంపుటంలో ఆ తాలూకా పుటలను ముందుగా చదివి వెళ్లండి. శిల కనిపిస్తే సుద్దముక్కతో దిద్దకండి, నూనె పోయకండి, ఫొటో తీసి చోటు రాసుకోండి. ఊరి పెద్దను అన్నా, తాతా అని పిలిచి, ఆయన ఏ భాషలో జవాబిస్తే ఆ భాషలోనే మాట కలపండి. చెరువు పేరు, తూము పేరు, ఊరి దేవత పేరు ఆయన నోట ఎలా వస్తే అలాగే రాసుకోండి. ఒక్క ఊరి సమాచారం పది పంక్తులైనా సరే, తారీఖు వేసి మా పీఠానికి పంపితే భద్రపరుస్తాము.