సవర కొండలలో గిడుగువారి బడులు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు చెప్పగానే మనవారికి వ్యావహారిక భాషోద్యమము స్ఫురించును. ఏటేట ఆగస్టు 29వ తేదీన ఆయన పటమునకు పూలమాల వేసి తెలుగు భాషా దినోత్సవము జరుపుకొనుచున్నాము. కాని రాయగడ, గుణుపురము, కోరాపుట్టు, జయపురము పట్టణములలో తరతరములుగా స్థిరపడియున్న మనకు ఆయన మరియొక విధమున గూడ ఆప్తులు. మన యూళ్ల చుట్టును కానవచ్చెడు కొండలలోని పిల్లలకు వారి యింటి మాటలోనే చదువు చెప్పింపవలెనని, సొంత సొమ్ముతో బడులు పెట్టిన తెలుగు పంతులుగారాయన. ఆ సంగతి మన సభలలో ఒక వాక్యముతో ముగిసిపోవుచున్నది. దానిని కొంత విపులముగా చెప్పుకొనుట యుక్తమని మేము తలచితిమి.

పంతులుగారు 1863లో శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమందలి పర్వతాలపేటలో జన్మించిరి. విజయనగరమున గురజాడ అప్పారావుగారితో కలిసి చదువుకొనిరి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులై చేరి, ఏబది యేండ్లకు పైగా ఆ యూరనే నివసించిరి. ఆ యూరిని ఆనుకొనియే సవరల కొండలు మొదలగును. అవి నేటి గజపతి జిల్లానుండి రాయగడ జిల్లాలోని గుణుపుర ప్రాంతము వరకును వ్యాపించియున్నవి. సవరలు చింతపండు, కరక్కాయలు, అడ్డాకులు తలకెత్తుకొని సంతకు దిగివచ్చి, ఉప్పును బట్టలును కొనిపోయెడివారు. సంతలో బేరమునకు చాలినన్ని తెలుగు మాటలు వారికి వచ్చును. వారి మాట నేర్వవలెనన్న అవసరము మనవారికి కలుగలేదు.

సవర భాష ముండా కుటుంబమునకు చెందినది. అనగా తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు. రాయగడ ప్రాంతపు కోదుల కువి భాష మన భాషకు దాయాది. వినగా వినగా కొన్ని మాటలు చెవికి పట్టును. సవరలో ఆ సౌలభ్యము లేదు. గొంతుకను క్షణకాలము బిగించి విడిచెడు ధ్వని యొకటి అందు తరచుగా వినబడును. దానికి మన వర్ణమాలలో అక్షరమే లేదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దమున పంతులుగారు ఈ భాషకు పూనుకొనిరి. సవరయు తెలుగును తెలిసిన యొకనిని యింటనే పెట్టుకొని, వానినుండి మాటలు వినుచు, వ్రాసికొనుచు, సెలవు దొరికినపుడెల్ల కొండ లెక్కి సవరల నోట వాటిని సరిచూచుకొనుచు వచ్చిరి. ఆ కొండల చలిజ్వరము ఎట్టిదో మన పెద్దలకు తెలియనిది కాదు. జ్వరమునకు పుచ్చుకొనిన క్వినైను ఆయన వినికిడిని హరించెను. నోటిమాటయే భాషకు ప్రాణమని నమ్మిన మనుష్యునకు చెవులు పోయినవి. ఆయన మాత్రము ఆ పని విడువలేదు.

చదువు చెప్పింపవలెనన్న పుస్తకము కావలెను. సవరలో పుస్తకము లేదు. పంతులుగారు తామే తెలుగు లిపిలో వాచకములు, కథలు, పాటలు కూర్చిరి. పుస్తకము తరువాత ఉపాధ్యాయుడు కావలెను. అక్షరము వచ్చినవానికి సవర రాదు. సవర వచ్చినవానికి అక్షరము రాదు. కావున ఉపాధ్యాయులను గూడ ఆయనయే తయారుచేసికొని, జీతములు తామే యిచ్చిరి. రాజాశ్రయము గల బళ్ళోపంతులు అయినను, జీతగాడు జీతగాడే. ఒక జీతము మీద నడచిన బడులు పెద్దవి కాజాలవు. అయినను 1913 నాటికి మద్రాసు ప్రభుత్వము వారు గుర్తించి బిరుదమిచ్చునంతగా ఆ కృషి పేరుపడెను.

ఆ కాలమున కొండలలో అక్షరముపై శ్రద్ధ చూపినవారు మరికొందరు లేకపోలేదు. 1882లో కోరాపుట్టునకు వచ్చిన జర్మను లూథరను మిషనరీలు కొండభాషలను నేర్చిరి. వారిలో షుల్జెగారు వ్రాసిన కువి వ్యాకరణము 1911లో వెలువడెను. వారికి మతప్రచారము ముఖ్యము. మన జయపుర మహారాజా విక్రమదేవ వర్మగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయల విరాళ మిచ్చిన మహాదాత. ఆయన పేర వెలసిన విజ్ఞాన కళాశాల వాల్తేరున నేటికిని ఉన్నది. అంతటి దానమునకు కృతజ్ఞత తెలుపుచునే ఒక మాట యనవలసియున్నది: ఆ సొమ్ము కొండలనుండి మైదానమునకు దిగినది. పంతులుగారి జీతపు రూపాయలు మైదానమునుండి కొండ కెక్కినవి. అట్లెక్కిన తెలుగు సొమ్ము మిక్కిలి తక్కువ.

ఈ సందర్భమున మన పూర్వులను గూర్చి గూడ నిజము చెప్పుకొనుట మేలు. మన కుటుంబములలో పలువురు వర్తకమునకును, గుమాస్తా పనులకును ఈ ప్రాంతమునకు వచ్చినవారే. కొండవానికి తెలుగు మొదట వినబడినది అప్పుపత్రము చదివిన గొంతుకతోనే. 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతముల వడ్డీ, భూమి బదలాయింపులను గూర్చి చట్టము చేయవలసివచ్చెను. వడ్డీ ఏడాదికి నూటికి 24 రూపాయలకు మించరాదనియు, ఏజెంటుగారి అనుమతి లేనిదే కొండజాతులవారి భూమి ఇతరులకు చెల్లదనియు అందు శాసించిరి. అట్టి దినములలో ఒక తెలుగు పంతులు కొండవాని వాకిట నిలిచి, అప్పు మాట యెత్తక, నీ మాట నాకు నేర్పుమని యడుగుట ఎంత వింతగా తోచియుండునో ఊహింపవచ్చును.

తెలుగుపై ఆయన ఉద్యమము 1907 ప్రాంతమున, పాఠశాలల పరీక్షాధికారి యేట్సుదొర అడిగిన ప్రశ్నలతో ఆరంభమైనదని చెప్పుదురు. అది నిజమే. కాని తెలిసిన మాటతో తెలియని అక్షరమును నేర్పవలెనను సూత్రము అంతకు ముందే సవర భాషతోడి పరిచయమున ఆయనకు పట్టుపడినదని మా అభిప్రాయము. అట్టి మహనీయుని గూర్చి ఈ కావ్యభాషాచ్ఛాయలో వ్రాయుట చూచిన ఆయన చిరునవ్వు నవ్వియుందురు; సంచికలకు ఇది అలవాటుగా వచ్చినది, మన్నింతురు గాక.

1931లో ఆయన సవర వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును మద్రాసు ప్రభుత్వము అచ్చువేయించెను. ఈ రెంటి నడుమ దేశపటము మారెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా, గుణుపురము కోరాపుట్టు జిల్లాతో అటు చేరెను, పర్లాకిమిడియు చేరెను. ఆ యూరు తెలుగువారితోనే ఉండవలెనని పోరాడిన పంతులుగారు రాజమహేంద్రవరమునకు తరలిపోయి, 1940 జనవరి 22న స్వర్గస్థులైరి. విచిత్రమేమనగా, ఆ 1936లోనే గుణుపురము సమీపమున మంగెయి గొమాంగో అను సవర పెద్ద తన జాతి భాషకు 24 అక్షరముల లిపిని వెలువరించెను. దానినే సొరాంగ్ సొంపెంగ్ అందురు. పంతులుగారిచ్చిన తెలుగు అక్షరములు గాని, మిషనరీల రోమను అక్షరములు గాని, ప్రభుత్వపు ఒడియా అక్షరములు గాని తమవి కావని సవరలు తలచిన, తప్పు పట్టుటకు మనకేమి హక్కు గలదు? తమ లిపి తమకు కావలెనని మనమును కోరువారమే.

1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. రాయగడలో తెలుగు బడికై అర్జీ పెట్టునపుడు మనము చూపునది దీనినే. 2007లో ఒడిశా ప్రభుత్వము సవర, కువి మొదలగు పది భాషలలో మొదటి తరగతులు నడుపు బహుభాషా విద్యను ఆరంభించెను. ఆంధ్రదేశమునందును సవర వాచకములు వచ్చినవి. పుస్తకములున్నవి. వాటిని చదివి చెప్పగల ఉపాధ్యాయుడు ఆ బడిలో ఉన్నాడా అను ప్రశ్న పంతులుగారి నాటిదే. తెలుగు ఉపాధ్యాయునికై మన సంఘము వ్రాయు వినతిపత్రములోనే సవర, కువి ఉపాధ్యాయుల ఊసు గూడ ఒక వాక్యముగా చేర్చవలెనని సభ్యులకు మా మనవి.