ఇంటర్ పాసైనా ఇంజినీరింగ్ సీటు రాదా..? బహదూర్‌పల్లి నుంచి శామీర్‌పేట దాకా ఏ క్యాంపస్‌కి ఎన్ని మార్కులు కావాలంటే..

'వెయిటేజీ తీసేశారుగా, ఇక ఇంటర్ మార్కులతో పనేంటి?' ఎంసెట్ కోచింగ్‌కి వెళ్లే పిల్లల నోట తరచూ వినిపించే మాట ఇది. అందులో సగమే నిజం. మిగతా సగం తెలియక, మంచి ర్యాంకు వచ్చి కూడా సర్టిఫికెట్ వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇంటర్ మెమో ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ అడ్డుపడుతుందో ఒకసారి చూద్దాం.

వెయిటేజీ సంగతేంటి?

ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకులో 25 శాతం ఇంటర్ మార్కులదే. కరోనా టైమ్‌లో దాన్ని పక్కన పెట్టారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం పూర్తిగా ఎత్తేసింది. ఇప్పుడు ఎప్‌సెట్‌లో వచ్చిన మార్కులతోనే ర్యాంకు. ఇంజినీరింగ్ పేపర్ 160 మార్కులకు ఉంటుంది. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ర్యాంకు రావాలంటే కనీసం 40 మార్కులు తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీస మార్కుల రూల్ లేదు.

అయితే పోయింది వెయిటేజీ మాత్రమే. అర్హత మార్కు అలాగే ఉంది. గ్రూప్ సబ్జెక్టుల్లో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం తప్పనిసరి. అసలు తిరకాసు ఇక్కడే ఉంది.

పాస్ వేరు.. అర్హత వేరు

2025లో ఇంటర్ పూర్తి చేసిన ఎంపీసీ బ్యాచ్ లెక్క తీసుకుందాం. రెండేళ్లకు కలిపి మొత్తం 1000 మార్కులు. ఫస్టియర్ 470, సెకండియర్ 530. ఇందులో ఇంగ్లిష్‌కి 200, సెకండ్ లాంగ్వేజ్‌కి 200. మిగిలిన 600 గ్రూప్ సబ్జెక్టులవి.. మ్యాథ్స్ 300, ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150. ప్రాక్టికల్స్ కూడా ఇందులోనే.

పాస్ మార్కులు 35 శాతం. అన్ని పేపర్లూ సరిగ్గా పాస్ మార్కుతో గట్టెక్కిన విద్యార్థికి గ్రూప్‌లో వచ్చేది 600కి 210. ఎప్‌సెట్‌కి కావాల్సింది మాత్రం 45 శాతం లెక్కన 270, 40 శాతం లెక్కన 240. అంటే ఇంటర్ పాస్, ఇంజినీరింగ్‌కి మాత్రం నో ఎంట్రీ.

ఇంకో ఉదాహరణ చూడండి. ఒకరికి రెండు లాంగ్వేజీల్లో కలిపి 400కి 360 వచ్చాయి. గ్రూప్‌లో 600కి 240. మొత్తం 600, మెమోలో బి గ్రేడ్. ఇంట్లో స్వీట్లు కూడా పంచేస్తారు. కానీ గ్రూప్‌లో ఉన్నది 40 శాతమే. జనరల్ కేటగిరీ అయితే ఎప్‌సెట్‌లో ఎంత మంచి ర్యాంకు ఉన్నా కన్వీనర్ సీటుకి అర్హత లేనట్టే. అందుకే మెమో చేతికి రాగానే గ్రేడ్ చూసి మురిసిపోకుండా, గ్రూప్ సబ్జెక్టులు విడిగా కూడుకోండి.

గ్రేడ్ల లెక్క ఇలా..

* 750, ఆపైన: ఎ గ్రేడ్
* 600 నుంచి 749: బి గ్రేడ్
* 500 నుంచి 599: సి గ్రేడ్
* 350 నుంచి 499: డి గ్రేడ్

మన చుట్టుపక్కల ఏ గేటుకి ఏ రూల్?

నగరానికి ఉత్తరాన బహదూర్‌పల్లి, దుండిగల్ నుంచి శామీర్‌పేట దాకా క్యాంపస్‌లే క్యాంపస్‌లు. పేరుకి ఒకే ఏరియా అయినా ఒక్కో గేటుకి ఒక్కో పరీక్ష.

* బహదూర్‌పల్లిలోని మహీంద్రా యూనివర్సిటీ: 2014లో మహీంద్రా ఎకోల్ సెంట్రాల్ కాలేజీగా మొదలై, 2020లో ప్రైవేట్ యూనివర్సిటీ అయ్యింది. బీటెక్‌కి ప్రధానంగా జేఈఈ మెయిన్ స్కోరు చూస్తారు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ లిస్టులో ఈ సీట్లు వెతికితే కనిపించవు, అడ్మిషన్లు యూనివర్సిటీనే చేసుకుంటుంది.
* దుండిగల్ వైపు ఉన్న జేఎన్టీయూ అనుబంధ కాలేజీలు: ఎప్‌సెట్ ర్యాంకు, పైన చెప్పిన 45 లేదా 40 శాతం. 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా.
* శామీర్‌పేట వైపు ఉన్న బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్: బిట్‌శాట్ రాయాలి. దాంతో పాటు మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 75 శాతం, ఒక్కో సబ్జెక్టులో కనీసం 60 శాతం ఉండాలి. ఒక్క సబ్జెక్టు తగ్గినా స్కోరు వృథానే.
* శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ: ఐదేళ్ల లా కోర్సుకి క్లాట్ రాయాలి. ఇంటర్‌లో ఏ గ్రూప్ అయినా ఓకే. జనరల్‌కి 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం చాలు. బైపీసీ, సీఈసీ పిల్లలు కూడా ఆలోచించాల్సిన దారి ఇది.

ఇక ఎన్ఐటీ, ఐఐటీలైతే ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) ఉండాలి. అది లేకపోతే మన బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో అయినా ఉండాలి. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఎప్‌సెట్‌కి ఇంటర్ వెయిటేజీ 25 శాతం కొనసాగుతోంది. అక్కడి చుట్టాలు చెప్పే లెక్క ఇక్కడ పనికిరాదు, గుర్తుంచుకోండి.

డిగ్రీకి మార్కులే ర్యాంకు

బీఏ, బీకాం, బీఎస్సీ లాంటి కోర్సులకు 2016 నుంచి 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్‌లో సీట్లు ఇస్తున్నారు. ఇక్కడ ఎంట్రన్స్ ఉండదు, ఇంటర్ మార్కులే మెరిట్. ఉస్మానియా, కాకతీయ సహా రాష్ట్ర యూనివర్సిటీల పరిధిలో దోస్త్‌లో ఉన్న కాలేజీలకు ఒకటే దరఖాస్తు. మొదటి విడతలో రిజిస్ట్రేషన్ ఫీజు రూ.200. తర్వాతి విడతల్లో రూ.400. ఆలస్యం చేస్తే ఫీజు పెరగడమే కాదు, మంచి కాలేజీల్లో సీట్లూ అయిపోతాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మర్చిపోవద్దు

సీటు వచ్చినంత మాత్రాన అయిపోలేదు. ఇంజినీరింగ్‌లో బీసీ, ఈబీసీ విద్యార్థులకు 10 వేల లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు వస్తుంది. దాటితే రూ.35 వేల వరకే, మిగతాది ఇంటి నుంచి కట్టుకోవాల్సిందే. ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే కాలేజీ ఫీజు ఎంతో, మీ చేతి నుంచి ఎంత పడుతుందో లెక్క వేసుకోండి. కులం, ఆదాయ సర్టిఫికెట్లు రిజల్ట్స్ వచ్చేదాకా ఆగకుండా ముందే తీసుకోవడం బెటర్.

మార్కులు తప్పు పడ్డాయనిపిస్తే?

2019 ఏప్రిల్‌లో ఏం జరిగిందో తెలంగాణ మర్చిపోలేదు. ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో సున్నా వచ్చిన ఓ విద్యార్థినికి మళ్లీ చూస్తే 99 మార్కులు వచ్చాయి. ఆ గందరగోళంలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా రీవెరిఫికేషన్ చేయించింది. అందులో వెయ్యి మందికి పైగా పాసయ్యారు.

కాబట్టి అనుమానం ఉంటే అడగడం మీ హక్కు. రీకౌంటింగ్‌కి పేపర్‌కి రూ.100. రీవెరిఫికేషన్‌కి రూ.600, దీంట్లో మీ జవాబు పత్రం స్కాన్ కాపీ కూడా ఇస్తారు. గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి ఇంటర్ బోర్డు వెబ్‌సైట్‌ని రిజల్ట్ రోజు నుంచే చూస్తూ ఉండండి. ఫెయిలైతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. ఫస్టియర్ పాసైనవాళ్లు ఇంప్రూవ్‌మెంట్ కూడా రాయొచ్చు. గ్రూప్‌లో 270కి పది, పదిహేను మార్కులు తగ్గేలా ఉన్నవాళ్లకు ఇదే అసలైన అవకాశం.

తల్లిదండ్రులకు ఒక్క మాట. రిజల్ట్ రోజు పక్కింటి పిల్లల మార్కులు అడగకండి. మీ పిల్లలు అన్నం తిన్నారో లేదో అడగండి. మనసు బాగోలేకపోతే, భయంగా అనిపిస్తే టెలీ మానస్ నంబర్ 14416కి ఏ టైమ్‌లో అయినా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.